పలుకుజంట

నమోదు 1

హాల్లో నా గురించి నేను ఒక్క ముక్క చెప్పుకోకూడదు. చెప్పుకుంటే ఆ వారం నా మాట కొట్టేస్తారు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను. నా పేరు మజ్జి నీలవేణి. వృత్తి డిజిటల్ ప్రచారం. దీన్ని ఇంకా అలా ఎందుకు పిలుస్తున్నారో ఎవరికీ తెలియదు. మా పనిలో డిజిటల్ అనదగ్గది హాలు పైకప్పుకి వేలాడుతూ మా మాటలు వినే యంత్రం ఒక్కటే, దాన్ని చెవి అంటాం. మిగతాదంతా మంచి చీర కట్టుకుని, రోప్‌వే ఎక్కి, డాల్ఫిన్ కొండ మీదికి వెళ్లి, ముక్కూమొహం తెలియనివాళ్లతో అల్లం టీ తాగి, నవ్వి రావడమే.

మా అమ్మదీ ఇదే వృత్తి. ఆవిడ రోజుల్లో ప్రకటనలు రాసేవారట, మనుషులు చదివేవారట. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక బేరగాడున్నాడు. వాడు యంత్రం. ఉప్పు నుంచి ఉంగరం దాకా ఇంటికి కావలసినదంతా వాడే కొంటాడు. రాసింది నమ్మడు, బొమ్మ నమ్మడు, వీడియో అసలే నమ్మడు. అవన్నీ పుట్టించేది తన చుట్టాలేనని వాడికి బాగా తెలుసు. వాడు నమ్మేది ఒక్కటే. ఒక మనిషి ఇంకో మనిషి గురించి, మూడో మనిషి ఎదురుగా, చెవి కింద నిలబడి చెప్పిన మాట. గోడలకి చెవులుంటాయని వెనకటివాళ్లు భయపడేవారు. మాకు ఆ చెవే అన్నం పెడుతోంది.

నమోదు 2

గురువారం కలయిక. సముద్రం పోటు మీద ఉంది. నీట మునిగిన పాత బీచ్ రోడ్డు మీద పడవలు ఆగిపోయాయి. మెట్లదారిన చుట్టూ తిరిగి రోప్‌వే దగ్గరికి చేరేసరికి చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి.

నా పలుకుజంట కోరాడ సన్యాసిరావు గారు అప్పటికే కింద టీ కొట్టు దగ్గర ఉన్నారు. ఆయన నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. భీమిలి ఎండుచేపలవాళ్ల తరఫున తిరుగుతారు. నేను పాడేరు కొండల్లో చీపుర్లు కట్టే ఆడవాళ్ల సంఘం తరఫున తిరుగుతాను. హాల్లో ఎండుచేపల మాటా రాదు, చీపుర్ల మాటా రాదు. నేనెలాంటి మనిషినో ఆయన చెప్తారు. ఆయనెలాంటి మనిషో నేను చెప్తాను. మనిషి మంచిదైతే ఆ మనిషి తెచ్చే సరుకూ మంచిదేనని బేరగాళ్ల లెక్క. ఆ లెక్కనే మాటబలం అంటారు.

చిక్కల్లా ఒక్కటే. చెప్పే మాట నిజమై ఉండాలి, ఇదివరకు చెప్పనిదై ఉండాలి. కొత్త నిజానికి పచ్చదీపం వెలుగుతుంది. పాతదానికి పసుపు. అబద్ధానికి ఎరుపు. అబద్ధం గొంతులోనే తెలిసిపోతుందట. నిజం చెప్పినా సగం పనే అయినట్టు. ఎవరి గురించి చెప్పారో వాళ్లు "విన్నాను" అనాలి. అప్పుడే ఆ మాట చెల్లుతుంది.

"కొత్తదేటైనా దొరికిందా?" అని అడిగారు సన్యాసిరావు గారు.

"దొరికింది. బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టి, పిండి మాత్రం తింటారు మీరు."

"అది పోయిన వానాకాలమే చెప్పీసేవమ్మా."

నిజమే. మళ్లీ వెతుక్కోవాలి. నా గురించి ఆయనకేం దొరికిందని అడిగాను.

"హాలు బయట చెప్పులన్నీ వరసగా సర్దుతావు. ఎవులూ చూడనప్పుడు."

"మీరు చూశారుగా."

"చూడకపోతే ఎలాగ? అదే కదేటి మన ఉద్యోగం!"

పైన హాల్లో ఆయన అదే చెప్పారు, పచ్చదీపం వెలిగింది. విన్నాను అన్నాను. బజ్జీలు బాగున్నాయి.

నమోదు 5

మామూలుగా జంటలు రెండేళ్లకోసారి మారిపోతుంటాయి. ఒక మనిషి గురించి చెప్పదగ్గ మంచి అంతకుమించి ఉండదు. మొగుడూపెళ్లాలు జంట కడితే ఇంకా తొందరగా అయిపోతుంది. మంచి అయిపోయాక మిగిలినవి చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు హాల్లో మిగతావాళ్లకి మంచి కాలక్షేపం. ఒకాయన తన జంటకి చెప్పడానికేదైనా ఉండాలని ఈ వయసులో వీణ నేర్చుకున్నాడు. ఆయన వాయించగా విన్నాక, దాన్ని మంచి కింద జమకట్టవచ్చా అని పెద్ద చర్చ జరిగింది.

మేం మాత్రం చాలా ఏళ్లుగా మారలేదు. మారాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆయన చూసేదాంట్లో వంకర లేదు. నాకు నోటిదురుసు ఎక్కువని అందరూ అంటారు, ఆయన మాత్రం దాన్ని "మొహం మీదే చెప్పీసే మనిషి" అని చెప్పి ఒక ఏడాది నెట్టుకొచ్చారు.

ఈ గురువారం చెప్పింది: "ఈవిడ ఇంట్లో తిరగని ఫేనొకటుంది. ప్రతి ఎండాకాలం దాన్ని తిడుతుంది గాని మార్చదు. తిట్టడానికి ఇంకొకళ్లు లేరని మార్చదు." హాలంతా నవ్వింది. పచ్చదీపమే. నాకు మాత్రం ఆ చివరి వాక్యం మింగుడుపడలేదు. అది నాకే తెలియని సంగతి.

నేను ఆయన గురించి చెప్పిందానికి పసుపు వచ్చింది. రెండు వారాలుగా పసుపే.

నమోదు 9

ఈ వేళ ఒక సంగతి తెలిసింది. రాయకపోతే ఉండబట్టదు.

రోప్‌వే పెట్టెలో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, ఆయన నా వెనక ఉన్నారు. కింద పాత ఓడరేవు క్రేన్లు నీళ్లలోంచి మెడలు పైకెత్తుకుని ఉన్నాయి. "సన్యాసిరావు గారూ, ఆ క్రేను మీద కొంగ గూడు కట్టింది చూడండి" అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. ఇంతలో పెట్టె గాలికి ఊగింది, ప్రమాద గంట గణగణమని మోగింది. పెట్టెలో అందరూ లేచి కడ్డీలు పట్టుకున్నారు. తల తిప్పి చూశాను. ఆయన మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని ప్రశాంతంగా కూర్చుని, అందరూ లేచాక చుట్టూ చూసి లేచారు.

నేను ఆయనకి ఎదురుగా తిరిగి, మామూలు గొంతుతో, "పోటు దిగిందా?" అని అడిగాను. నా నోటి వైపు చూసి "దిగుతోందమ్మా" అన్నారు.

అప్పుడు గతమంతా గుర్తొచ్చింది. గుంపులో ఎవరైనా పక్కనుంచి పలకరిస్తే నవ్వి ఊరుకోవడం, ఎప్పుడూ గోడకి వీపు పెట్టి నిలబడడం. అదంతా పెద్దరికం అనుకున్నాను. ఆయనకి వినబడడం లేదు. పెదాలు చదువుతున్నారు.

చెవి మిషను పెట్టుకోవచ్చు కదా అంటే పెట్టుకోకూడదు. హాల్లోకి ఏ యంత్రమూ తేకూడదు. కళ్లజోడు కూడా తలుపు దగ్గర మూడుసార్లు తిప్పి చూసి పంపుతారు. అలాగని బయట పెట్టుకుంటే ఎవరో ఒకరు చూస్తారు. చెవులు వినబడని మనిషి అనే "విన్నాను" చెల్లదు. ఆ సంగతి బయటపడిన రోజున సన్యాసిరావు గారి వృత్తి ఆఖరు. ఆయనతో పాటు భీమిలివాళ్ల ఎండుచేపలు కూడా బేరగాళ్ల కంటికి ఆనవు.

నేను ఏమీ అడగలేదు. కొంగ గూడు వేలితో చూపించాను. చాలా సంతోషించారు.

నమోదు 11

ఎర్ర లిప్‌స్టిక్ కొన్నాను. కొన్నాను అంటే మా ఇంటి బేరగాడు కొన్నాడు. "ఈ వస్తువు మీరు ఎప్పుడూ కొనలేదు, ఖాయమేనా?" అని మూడుసార్లు అడిగాడు.

హాల్లో దీపం కింద నిలబడుతున్నాను. మొహం మీద వెలుతురు పడుతుంది. మాట మాట విడదీసి, నోరు బాగా తెరిచి చెప్తున్నాను. బట్టల వ్యాపారుల తరఫున వచ్చే ఒకావిడ మోచేత్తో పొడిచి, "ఏటి నీలవేణీ, ఈ మధ్య సింగారాలెక్కువయ్యాయి! జంట మారలేదు గాని జంట మీద మనసు మారిందేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మామూలుగా అయితే నాలుగు అంటించేదాన్ని. నవ్వి ఊరుకున్నాను.

చూస్తుండగా నేను అబద్ధం ఆడని అబద్ధాలకోరునైపోయాను. కష్టం అది కాదు. ఆయన గురించి నాకు ఇప్పుడు ఒక కొత్త నిజం తెలుసు. దాన్ని పక్కన పెట్టి వేరేది వెతుకుతుంటే ఏదీ కనబడడం లేదు. కళ్ల ముందు కొండ నిలబడితే వెనక ఊరు ఎలా కనబడుతుంది? మళ్లీ పసుపు.

నమోదు 14

హాలు నిర్వాహకురాలు గొర్లె ఝాన్సీ పిలిచింది. చిన్నపిల్ల గాని పనిమంతురాలు. ఎవరి మాటబలం ఎంతో ఆవిడకి నోటికి వచ్చు.

"మీ జంట మాటబలం అడుగంటిపోయిందండీ. వానలు వెళ్లాక పెద్ద కలయికుంది. ఆ వేళా పసుపే వస్తే మీ ఇద్దరి పేర్లూ తీసీయక తప్పదు. రూలది, నా చేతిలో ఏటీ లేదు."

"తెలుసు."

"ఇంకో మాట చెప్పీమంటారా? మీరు సన్యాసిరావు గారి గురించి చెప్తున్నప్పుడల్లా చెవి ఆగుతోంది. ఏదో దాస్తున్నప్పుడే అలాగాగుతాది." నా మొహంలోకి చూసింది. "మీ దగ్గర చెప్పని మాటొకటుంది. చెప్పీయండి. మంచిదైనా చెడ్డదైనా నిజమే కదా! చెడ్డ నిజం చెప్పినోళ్లకి బలం రెండింతలొస్తాది, మీకు తెలీదేటి? కొత్త జంటని నేను చూస్తాను."

తెలియకేం. సొంత జంట లోపం బయటపెట్టినవాళ్లని బేరగాళ్లు నెత్తిన పెట్టుకుంటారు. తనవాళ్లనే దాచనివాడు సరుకులో ఏం దాస్తాడని.

ఏమీ లేదని చెప్పి వచ్చేశాను. హాలు బయట అన్నాను కాబట్టి ఎరుపు వెలగలేదు.

నమోదు 15

ఈ వారం హాల్లో మాటలపోటీ పెట్టిన కుర్ర వ్యాఖ్యాత సామెతలు దంచుతున్నాడు. "బేరగాడికి ప్రకటన చూపించడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!" అన్నాడు. అందరూ నవ్వారు. సన్యాసిరావు గారు అందరి మొహాలూ చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా, అందరికంటే పెద్దగా నవ్వారు.

తర్వాత మా వంతు. నేను చెప్తుండగా ఎవరో మా మధ్యనుంచి బజ్జీల పళ్లెం పట్టుకుని నడిచారు. నా చివరి మాట ఆయనకి అందలేదు. "విన్నాను" అన్నారు. దీపం పచ్చకీ ఎరుపుకీ మధ్య కొట్టుకుంది. ఝాన్సీ పైకి చూసింది. చివరికి పసుపు దగ్గర ఆగింది.

దిగేటప్పుడు రోప్‌వేలో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

నమోదు 17

చీపుర్ల సంఘం పెద్ద గెమ్మెలి రాములమ్మ ఫోను చేసింది. కట్టిన చీపుర్లు కట్టినట్టే గుట్టలు పడి ఉన్నాయట. "మా చీపుళ్లలో తేడా ఏటన్నా ఉంటే చెప్పమ్మా, సరి చేసుకుంటాం" అంది. చీపుళ్లలో తేడా ఏమీ లేదు. తేడా నాలో ఉంది. ఎలా చెప్పను?

రేపు పెద్ద కలయిక. ఇక్కడ ఎవరూ వినరు కాబట్టి రాస్తున్నాను. చెప్పేద్దామనుకున్నాను. అద్దం ముందు నిలబడి ఒకసారి అనుకుని చూశాను కూడా: "ఈయనకి చెవులు వినబడవు." మూడే మాటలు. రాములమ్మ సంఘంలో ఉన్నవాళ్లంతా ఆ మూడు మాటలతో గట్టెక్కుతారు. ఒక మనిషి మునుగుతాడు. ఏ లెక్కన చూసినా చెప్పడమే సబబు.

లెక్క సరిగ్గానే ఉంది. నాకు మాత్రం అద్దంలో నా మొహం చూడబుద్ధి కాలేదు. చెప్పను. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు, భయంగా ఉంది.

నమోదు 18

పెద్ద కలయిక అయింది. వరసగా రాస్తాను.

హాలు కిక్కిరిసి ఉంది. చుట్టుపక్కల పట్నాలవాళ్లు కూడా వచ్చారు. కొత్త కోట్లు, కొత్త నవ్వులు. ఎవరిని చూసినా ఎవరినో ఎవరికో పరిచయం చేస్తున్నారు. మా వంతు వచ్చింది. సాక్షిగా ఝాన్సీయే నిలబడింది. మామూలుగా ముందు నేను చెప్తాను. సన్యాసిరావు గారు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, "ఈ వేళ ముందు నేను" అన్నారు.

చెవి కిందికి వెళ్లి, ఝాన్సీ వైపు తిరిగి, తీరిగ్గా మొదలుపెట్టారు.

"ఈవిడ పలుకుజంటకి చెవులు వినబడవు."

హాల్లో మాటలు ఆగిపోయాయి. ఆయన ఆగలేదు. మాటలు ఆగినట్టు ఆయనకి తెలియదు కూడా.

"వినబడక ఏడాది దాటిపోనాది. ఆ సంగతి ఈవిడకి తెలుసు. చెప్పీసుంటే ఈ వేళ ముందు వరసలో కూచునేది. చెప్పలేదు. ఆ మనిషికి తన పెదాలు కనబడాలని దీపం కింద నిలబడింది. రంగేసుకుని నలుగురి చేత నవ్వించుకుంది. మొహం మీదే అనీసే మనిషి, ఒక్క మాట మాత్రం ఇన్నాళ్లూ నోట్లోనే ఉంచీసుకుంది. తన అన్నం పోతున్నా కక్కలేదు. ఇలాటి మనిషి చీపురు బాగుందంటే, అది బాగున్నట్టే."

ఒక్కసారి కూడా "నేను" అనలేదు. నియమం తప్పలేదు. ముప్పయ్యేళ్ల అనుభవం ఊరికే పోతుందా?

పచ్చదీపం వెలిగింది. ఇంత గట్టి పచ్చ నేనెప్పుడూ చూడలేదు. ఝాన్సీ నా వైపు తిరిగింది. ఇక నేను "విన్నాను" అనాలి.

అంటే ఆయన మాట చెల్లుతుంది. నేను పైకి లేస్తాను, ఆయన పేరు అక్కడికక్కడే పోతుంది. అనకపోతే ఆయన చెప్పింది గాలికి పోతుంది, జంటగా ఇద్దరం మునుగుతాం. వినలేదు అనడానికి లేదు, ఎరుపు వెలుగుతుంది. నాకు ముందు వచ్చింది కోపం. నన్నొక మాట అడగకుండా నా నోటితో తన పేరు కొట్టేయిస్తున్నాడీ మనిషి అని. తర్వాత ఏడుపు వచ్చింది. హాల్లో అంతమంది ముందు, కన్నీళ్లు లిప్‌స్టిక్ మీదుగా కారుతుంటే తుడుచుకోలేదు.

ఆయన నా పెదాల వైపే చూస్తున్నారు. నేను ఏడుస్తుంటే పెదాలు వణికి చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి కాబోలు, ఒక అడుగు దగ్గరికి వచ్చారు.

"అనీ తల్లీ" అన్నారు మెల్లగా. "భీమిలోళ్ల చేపలు కూడా నువ్వే చూసుకోవాలి మరి. ఇద్దరం మునిగిపోతే ఆళ్లనెవులు చూస్తారు?"

అదీ సంగతి. మునిగేది ఒకరైతే, తేలే మనిషి చేతికి రెండు సరుకులూ వస్తాయి. నా అద్దం ముందరి లెక్కనే ఆయన కూడా కట్టారు. మునగాల్సిన మనిషి తనేనని తేల్చుకున్నారు, అంతే తేడా.

విన్నాను అన్నాను. చెవి ఆ మాట తీసుకుంది.

నమోదు 19

రాములమ్మ మళ్లీ ఫోను చేసింది. గుట్టలన్నీ కదిలిపోయాయట, కొండ మీద ఇక చీపురుగడ్డి కోసేవాళ్లే చాలడం లేదట. "ఏటి చెప్పినావమ్మా అక్కడ?" అని అడిగింది. నేనేమీ చెప్పలేదన్నాను. నమ్మలేదు.

ఝాన్సీ కొత్త జంటని చూపించింది. బాగా చదువుకున్న కుర్రాడు, నా గురించి ఏం చెప్పాలో అప్పుడే నన్నే అడిగాడు. చూసి చెప్పమన్నాను. ఎక్కడ చూడాలి అన్నాడు. నేర్చుకుంటాడు లెండి.

నమోదు 20

గురువారం. కలయికకి వెళ్లే ముందు టీ కొట్టు దగ్గర ఆగాను. సన్యాసిరావు గారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఈయనకిక ఇక్కడేం పని అని ఎవరూ అడగలేదు. కొట్టువాడు ఎప్పటిలాగే టీ పోశాడు.

ఎదురుగా కూర్చున్నాను. నోరు బాగా తెరిచి, మాట మాట విడదీసి, కొట్టంతా వినబడేలా మొదలుపెట్టాను. "మీకు బుద్ధుందా? నన్ను ఒక్క మాట అడగాలా అక్కర్లేదా? ఇక మీ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. తల కొంచెం పక్కకి తిప్పి చూపించారు. చెవి వెనక చిన్న మిషను ఉంది, కొత్తది. హాలుకి వెళ్లే పని లేనివాళ్లు పెట్టుకోవచ్చు.

"మెల్లగా చెప్పమ్మా" అన్నారు. "వినబడుతోంది."

ఇన్నాళ్లుగా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఉన్నాయి. అలా మెల్లగా మాట్లాడి చాలా రోజులైంది, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. టీ చల్లారిపోతోంది తాగండి అన్నాను.